కింది నుంచి చూసిన బల్ల

ఆసుపత్రి లాండ్రీలో బట్టలు మడతపెట్టే ఆవిణ్ణి అందరూ బుడ్డక్క అంటారు. మనిషి అంత పొట్టి. బల్ల ఆమె ఛాతీ దాకా వస్తుంది కాబట్టి పందొమ్మిదేళ్లుగా చెక్కపెట్టె మీద నిలబడి పని చేస్తోంది. మడత పెట్టాలంటే ఎక్కాలి, బుట్టలోంచి బట్ట తీయాలంటే దిగాలి. పొట్టిగా పుట్టడం తన తప్పేననుకుని ఏనాడూ నోరెత్తలేదు. ఇప్పుడు మోకాళ్లు మొరాయిస్తున్నాయి. నెలాఖరుకి మానేస్తానని చెల్లెలికొక్కదానికే చెప్పింది, చెప్పి ఏడ్చింది. ఆ పనంటే ఆమెకి ప్రాణం.

ఆ వారమే బడి నుంచి ఎనిమిది మంది పిల్లలు వచ్చారు. నడవలేనివాళ్లు, వినపడనివాళ్లు, చూపు లేనివాళ్లు. ఒక్కొక్కరూ ఒక ఉద్యోగి వెంట ఉండి ఆ రోజంతా పని తెలుసుకోవాలి. చక్రాల కుర్చీలో ఉన్న పదహారేళ్ల అమ్మాయి బుడ్డక్క వంతుకి వచ్చింది.

"పాపకి బల్ల అందదులే అక్కా, పక్కన కూర్చుని చూస్తుంది," అని సూపర్‌వైజర్ చక్కా పోయాడు.

అమ్మాయి గంటసేపు నోటుపుస్తకంలో ఏదో రాసుకుంటూ కూర్చుంది. బుడ్డక్కకి చిరాకేసింది.

"ఏం రాస్తున్నావమ్మా? బల్ల మీద ఏముందో కనపడుతోందా అసలు?"

"లేదు ఆంటీ."

"మరి చెప్పవేం!"

మోకాళ్ల సంగతి మరిచి, సూపర్‌వైజర్ గదికి పోయి అతని మీద ఒంటికాలి మీద లేచింది. "పిల్ల పని నేర్చుకోడానికి వచ్చిందా, బల్ల అడుగు చూడ్డానికి వచ్చిందా?" తిరిగొచ్చి ఖాళీ అర నుంచి చెక్కపలక లాగి అమ్మాయి కుర్చీ చేతుల మీద అడ్డంగా పరిచింది. ఆపరేషన్ గౌను మడత చూపించింది. నాడాలు లోపలికి, గౌను తిరగేసి, డాక్టరు చెయ్యి లోపలి వైపే తగిలేలా.

అమ్మాయి మడతపెట్టిన మొదటి మూడూ ఉండల్లా వచ్చాయి. "మడత పెట్టమన్నానా, మూట కట్టమన్నానా?" అంది బుడ్డక్క. అమ్మాయి పకపకా నవ్వి మళ్లీ మొదలుపెట్టింది. పదకొండో గౌనుకి వంక పెడదామని బుడ్డక్క అటూ ఇటూ తిప్పి చూసింది, దొరకలేదు.

సాయంత్రం పిల్లలంతా ఆసుపత్రి పెద్ద మేడం ముందు, ఉద్యోగులందరూ వింటుండగా, రాసుకున్నవి చదివారు.

"గౌను మడత నేర్చుకున్నాను," అని చదివింది అమ్మాయి. "కానీ మొదటి గంటలో నాకు ఆంటీ కాళ్లే కనపడ్డాయి. ఆంటీ నలభై మూడుసార్లు పెట్టె ఎక్కి దిగారు. దిగినప్పుడల్లా మోకాలు పట్టుకున్నారు. ఆ బల్ల నాకొక్కదానికే కాదు, ఆంటీకీ అందదు."

బుడ్డక్కకి తల తీసేసినట్టయింది. బండారం బయటపడింది, ఇక నెలాఖరు దాకా కూడా ఉంచరనుకుంది. మేడం సూపర్‌వైజర్ వంక చూసింది. సూపర్‌వైజర్ నేల చూపులు చూశాడు.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి రంపంతో దిగాడు. "బల్లకాళ్లు ఎంత కొయ్యమంటావక్కా?"

పందొమ్మిదేళ్లలో ఆ మాట అడిగినవాళ్లు లేరు. బుడ్డక్క కళ్లు తుడుచుకుని, కుర్చీ లాక్కుని కూర్చుని, బల్లకాలి మీద తన మోచేతి ఎత్తుకి గీత పెట్టించింది. నాలుగు కాళ్లూ తెగాక పందొమ్మిదేళ్లలో తొలిసారి కూర్చుని గౌను మడతపెట్టింది. చల్లగా ఉండు తల్లీ అని ఆ పిల్లని మనసారా దీవించింది.

తర్వాత బడి టీచరుకి ఫోన్ చేసింది.

"ఆ అమ్మాయిని మళ్లీ పంపండమ్మా. ఇంకా దుప్పటి మడత నేర్పాలి. బల్ల ఇప్పుడు మా ఇద్దరికీ అందుతుంది."