తలకొట్టిన మానిక

సాగర్ కాలవ రాకముందు మా పల్నాట మెట్ట జొన్నే పంట, జొన్నే తిండి, జొన్నే కూలి. కళ్లంలో కూలి కొలిచే మానిక ఒక్కటే. మగవాడి వంతుకు గింజలు దాని మీద గోపురంలా నిలబడేవి; అదే పోగు. మా ఆడవాళ్ల వంతు వచ్చేసరికి అరచెయ్యి అంచు మీదుగా సాగేది. గోపురం రైతు రాశిలోకి రాలిపోయేది. దాన్ని తలకొట్టడం అనేవారు.

కొలిచేది రైతు కాదు, రైతు కింది మేస్త్రీ. ఆ మేస్త్రీయే మా చర్చి సంఘపెద్ద, వరసకు నాకు పెదనాన్న.

మిషన్ బడిలో ఐదు చదివానని గుడిలో వాక్యం నా చేత చదివించేవారు. ఆ ఆదివారం భాగం కొలత గురించి: ఇయ్యండి, అదిమి, కుదిపి, పొర్లిపోయేటట్టు మీ ఒడిలో కొలుస్తారని. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది పెదనాన్నే.

మర్నాడు సాయంత్రం కళ్లంలో మా అమ్మ ఒడి పట్టింది. ఆయన చెయ్యి మానిక మీదికి వచ్చింది.

"పెదనాన్నా, నిన్న ఆమెన్ అన్న నోరు నీదే గదా?" అన్నాను.

"వాక్యం గుళ్లో, కొలత కళ్లంలో. నోర్మూసుకో."

"దేవుడు కళ్లం గట్టు కాడ ఆగిపోతాడా ఏంది?" అని అమ్మ ఒడి దించేసింది.

వెనకున్న మేనత్త అందుకుంది. "మానిక తలే గదమ్మే కొడతన్నాడు. నయం, మన తలలు కొట్టలా!"

ఆడవాళ్లంతా గొల్లుమన్నారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ ఒడి దించేశారు.

మంచం మీదున్న రైతు లేచాడు. "ఆడకూలికి పోగేందే? ఎప్పుడన్నా ఉందా?"

"తూర్పారబట్టేటప్పుడు గాలి ఆడా మగా చూస్తందా అయ్యా?" అన్నాను. "పోగు పెట్టకపోతే రేపు మేం చాట ముట్టం."

సగం రాశి ఇంకా పొట్టుతోనే ఉంది. పడమట మబ్బు లేస్తోంది. ఆయన మబ్బు వంక చూశాడు, మా వంక చూశాడు.

"పెట్టి కొలవరా," అన్నాడు.

అమ్మ ఒడి నిండి, గింజలు కొన్ని నేల మీద పడ్డాయి. వంగి అవీ ఏరింది. "ఇది దయ కాదు, మనది," అంది. బిగబట్టిన కూలి దేవుడి చెవిలో కేకవేస్తుందని నేను వాక్యంలో నేర్చుకున్నాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. కానీ కళ్లంలో ఆ కేక మన నోటితోనే వెయ్యాలి.

తరవాతి ఆదివారం పెదనాన్న వాక్యానికి వేరొకరిని పిలిచాడు. అతను చదివి కూర్చోగానే నేను చాప మీంచి లేచి, పోయిన వారం భాగాన్ని పుస్తకం చూడకుండా చివరిదాకా చెప్పాను. పెదనాన్న ఆమెన్ అనలేదు. ఆమెన్ అనడానికి ఆడవాళ్లు ఆయన కోసం ఆగలేదు.