ఛాయిస్‌లో వదిలేసిన మార్కులు

ఇంటర్ ఫలితాలు వచ్చిన మర్నాడే వనపర్తి బస్టాండు ముందు ఫ్లెక్సీలు లేస్తాయి. గద్వాలలోనూ అంతే, నాగర్‌కర్నూల్‌లోనూ అంతే. పది మంది పిల్లల ఫొటోలు, వాటి కింద మార్కులు. మిగతా వందల మంది ఏమయ్యారో ఫ్లెక్సీ చెప్పదు. ఒకే పిల్ల ఫొటో రెండు కాలేజీల ఫ్లెక్సీల మీద ఉండటం కూడా చూశాను. నాగర్‌కర్నూల్‌లో పుట్టి, వనపర్తి ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెబుతూ జుట్టు నెరిసినదాన్ని. ఈ బాగోతమంతా నాకు కొట్టినపిండి. ఏ కాలేజీలో వేస్తే మంచిదని తల్లిదండ్రులు అడిగితే, "ఫొటోలు లెక్కపెట్టకండి, ఫొటో లేనోళ్లు ఎంతమందో అడగండి" అని చెప్పేదాన్ని. అలా చెప్పడం నాకు చాలా ఇష్టంగా ఉండేది. అంత తెలిసినదాన్ని, ఒక పిల్ల బతుకు దగ్గరికి వచ్చేసరికి బోర్లా పడ్డాను.

ఆ పిల్లది గద్వాలలో చీరలు నేసే ఇల్లు. వనపర్తి హాస్టల్‌లో ఉండి మా దగ్గర ఇంటర్ చదివింది. లెక్కలంటే ప్రాణం. చరిత్ర అన్నా అంతే. మన దగ్గర ఆ రెండూ ఒకే పిల్లకు ఇష్టం కావడానికి వీల్లేదు. లెక్కల గ్రూపు తీసుకుంటే చరిత్ర పుస్తకం మూసేయాలి. ఆమె లెక్కలు తీసుకుని, చరిత్ర పుస్తకాలు లైబ్రరీలో దొంగచాటుగా చదువుతున్నట్టు చదివేది. మా లెక్కల సారు చూసి, "గవన్నీ నీకెందుకమ్మా" అన్నాడు.

ఉత్తరాదిన, బెంగళూరు పక్కన కొన్ని ప్రైవేటు కాలేజీలున్నాయనీ, అక్కడ లెక్కలూ చరిత్రా కలిపి చదవొచ్చనీ ఒక శిక్షణ తరగతిలో విన్నాను. లిబరల్ ఆర్ట్స్ అంటారు. ఫీజు వింటే కళ్లు తిరుగుతాయి గానీ, లేనివాళ్లకు మొత్తం మాఫీ చేసే కాలేజీ ఒకటుంది. ఆ పిల్లకు చెప్పాను. చెప్పినప్పుడు ఆమె మొహం ఎలా వెలిగిందో నాకు గుర్తుంది. ఇప్పుడు గుర్తు తెచ్చుకోవడం ఇష్టం లేదు.

ఈ కాలేజీలకు పనికొచ్చే పరీక్ష ఒకటి ఉంటుంది. దేశమంతా ఒకే రకం పేపరు, కంప్యూటర్ మీద రాయాలి. హైదరాబాద్‌లో సెంటర్ పడితే నేనే తీసుకెళ్లాను. కోచింగ్ లేదు, మాదిరి పేపర్లు కూడా నా ఫోన్‌లోనే చూసింది. మార్కులు బాగానే వచ్చాయి. బాగానే అంటే ఎంత బాగానో అప్పుడు నాకు అర్థం కాలేదు. అసలు గొడవ అక్కడే మొదలైంది.

మూడు కాలేజీల బుక్‌లెట్లు ప్రింట్ తీయించి స్టాఫ్‌రూం బల్ల మీద పరిచాను. పిల్ల నా పక్కన నిలబడింది. ఒక కాలేజీ తన పిల్లల సగటు మార్కు వేసింది. ఇంకో కాలేజీ అంకెలే వేయలేదు, మేము మనిషిని మొత్తంగా చూస్తామని నాలుగు తియ్యటి మాటలు రాసింది. మూడోది, ఫీజు మాఫీ చేసేది, ఒక పై అంకె, ఒక కింది అంకె వేసి, మా పిల్లల్లో నడిమి సగం ఈ రెండింటి మధ్య ఉన్నారంది. మా పిల్లకు వచ్చింది ఆ కింది అంకెకు నాలుగు తక్కువ. నేను ఎర్ర పెన్నుతో ఆ కింది అంకె కింద గీత గీశాను. పాసు మార్కు కింద గీసినట్టు గీశాను.

"రాలేదు మేడం" అంది పిల్ల.

అప్పుడే నా కంటికి ఆ మాట కనబడింది. స్కోరు పంపడం ఆప్షనల్ అని రాసి ఉంది. నా ప్రాణం లేచొచ్చింది.

"ఆప్షనల్ అంటే ఏంది మేడం? ఇయ్యకుంటే ఏమనుకోరా?"

"ఛాయిస్ లెక్క" అన్నాను. "పేపర్ల ఎనిమిదిల ఆరు రాయమంటరు గదా. ఇడిచిపెట్టిన రెండిటికి మార్కులు కోస్తరా? ఇది గూడ గంతే. ఛాయిస్‌ల ఇడిచిపెట్టు."

ఆ మాట ఎంత సులభంగా వచ్చింది నా నోటికి! మన పిల్లలకు ఛాయిస్ అంటే చుట్టం. ఏ పాఠం చదవకుండా వదిలేయొచ్చో ముందే లెక్క వేసుకుంటారు, మేమే వేసిస్తాం. వదిలేసినదాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరని పదో తరగతి నుంచీ నేర్పింది మేమే. పిల్ల నవ్వింది, ధైర్యం తెచ్చుకుంది.

ఫారం మీద తండ్రి సంతకం కావాలి. ఆయన గద్వాల నుంచి వచ్చాడు. నేను చెప్పిందంతా చేతులు కట్టుకుని విని అన్నాడు.

"మేము చీర అమ్మేటప్పుడు ఒళ్లు నూలు, అంచు పట్టు అని చెప్పే అమ్ముతం మేడం. నూలు సంగతి దాస్తే కొనేటోనికి పట్టు మీద గూడ అనుమానమొస్తది. మార్కులు దాస్తే గట్ల గాదా?"

"గది వేరు, ఇది వేరు" అన్నాను.

"మీకు తెల్వనిది ఏముంది. మీరు ఎట్ల చెప్తే గట్ల" అని సంతకం పెట్టాడు. పెద్ద మేడాన్ని కాబట్టి నేనన్నది చెల్లిపోయింది.

ఫీజు మాఫీ చేసే ఆ ఒక్క కాలేజీకి, స్కోరు లేకుండానే అప్లికేషన్ వెళ్లింది. రెండు నెలలకు మెయిల్ వచ్చింది. చాలామంది ప్రతిభావంతులు అప్లై చేశారట, చోటు ఇవ్వలేకపోతున్నందుకు విచారమట. పిల్ల నా ఫోన్‌లోనే చదివింది. రెండుసార్లు చదివి ఫోన్ నా చేతికిచ్చింది.

"మనం ఇయ్యకున్నా వాళ్లకు తెలిసిపోయిందేమో మేడం, తక్కువొచ్చినయని."

లేదమ్మా అన్నాను గానీ, నేనూ లోలోపల అదే అనుకున్నాను. పిల్ల గద్వాల వెళ్లి అక్కడే డిగ్రీలో బీకాం చేరింది.

ఆ ఏడాది చలికాలంలో అదే కాలేజీ వాళ్లు ప్రభుత్వ కాలేజీల టీచర్లకు ఆన్‌లైన్‌లో మీటింగ్ పెట్టారు. అడ్మిషన్లు చూసే ఒకామె చాలా ఓపికగా మాట్లాడింది. చివర్లో నేను పేరు చెప్పకుండా మా పిల్ల సంగతి అడిగాను. ఇంత వచ్చింది, మీ కింది అంకెకు నాలుగు తక్కువ, అందుకని పంపలేదు, అన్నాను.

ఆమె ఆ స్కోరు నాతో మళ్లీ చెప్పించుకుంది. తర్వాత అంది, "ఆ కింది అంకె కటాఫ్ కాదు మేడం. మార్కులు పంపినవాళ్లలోనే పావు వంతు మంది దానికి కిందే ఉంటారు. తక్కువ వచ్చినవాళ్లు చాలామంది పంపరు కదా, వాళ్లు ఆ లెక్కలోనే లేరు. కోచింగ్ లేని ఊరి నుంచి అంత స్కోరు వస్తే మేము ఎగిరి గంతేస్తాం."

"మరి పంపకపోతే?"

"పంపకపోతే చదివిన కాలేజీని చూస్తాం. మీ కాలేజీ నుంచి ఇంతవరకు ఎవరూ రాలేదు. దేన్ని పట్టుకుని చూడమంటారు?"

ఆ అంకెలు పంపినవాళ్లవేనని ఎక్కడ రాశారని కొంచెం కోపంగానే అడిగాను. అంకెల కిందే నోట్ ఉందని చెప్పింది. బీరువాలోంచి ప్రింట్ తీసి చూశాను. ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మార్కులు సమర్పించిన విద్యార్థులకు మాత్రమే అని. నా ఎర్ర గీత సరిగ్గా దాని నెత్తిన పడింది. నేను ఇంగ్లీషు లెక్చరర్ని.

ఇంతకీ ఆ బుక్‌లెట్ కూడా ఫ్లెక్సీయే. మన బస్టాండు ముందు కడితే ఎగతాళి చేశాను, నున్నటి కాగితం మీద మంచి ఇంగ్లీషులో వేసేసరికి గుడ్డిగా నమ్మాను. ఫొటో లేనివాళ్లు ఎంతమంది అని ఊరందరికీ నేర్పినదాన్ని, ఆ ఒక్కసారి అడగలేదు. సగటు వేసిన కాలేజీ సంగతీ అంతే, అంకె వేయని కాలేజీ సంగతీ అంతే, ఎవరికి ఎలా చూపిస్తే అందమో అలా చూపిస్తారు. తప్పంతా వాళ్లదే అని తిట్టుకుంటే నాకు హాయిగా ఉండేది. కొన్నాళ్లు తిట్టుకున్నాను కూడా. కానీ పిల్లకు ఛాయిస్ అని చెప్పింది వాళ్లు కాదు.

చెప్పకుండా ఉండలేకపోయాను. ఒక ఆదివారం పొద్దున బస్సెక్కి గద్వాల వెళ్లాను. తండ్రి మగ్గం మీద ఉన్నాడు. పిల్ల పక్కన కూర్చుని రాట్నం మీద దారం కండెలకు చుడుతోంది. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. తల్లి చాయ్ తెచ్చింది. నేను చాయ్ తాగకుండానే మొత్తం చెప్పేశాను. నీకు తక్కువ రాలేదు, నీ మార్కులు పంపి ఉంటే సీటు వచ్చేదేమో, తప్పు నాది, అన్నాను. తండ్రి మగ్గం ఆపాడు. తిట్టినా బాగుండేది. తల వంచుకుని తెగిన పోగు వెతుక్కున్నాడు.

మళ్లీ అప్లై చేద్దాం అన్నాను. ఈసారి నేనే దగ్గరుండి నింపుతాను అన్నాను. డిగ్రీలో చేరినవాళ్లను ఆ కాలేజీ తీసుకోదని పిల్లే చెప్పింది. ఆమె ఆ నిబంధన అప్లై చేసినప్పుడే చదివిందట. నేను చదవలేదు.

పిల్ల కండె చుట్టడం ఆపి, నా వైపు చూడకుండా అంది.

"తక్కువొచ్చినయనుకొని ఊకున్న మేడం. ఇన్ని దినాలు గట్లనే ఊకున్న. ఇప్పుడొచ్చి మంచిగనే వచ్చినయంటున్నరు. ఇగ ఎట్ల ఊకోవాలె?"