మా కాలువ ఊళ్ళ కోసం భయపడిన మనిషి

కన్వీనర్ గారు పోయారన్న కబురు నాకు ఫిల్టర్ బెడ్ల గట్టు మీద ఉండగా అందింది. పొద్దున్నే నీళ్ళలో క్లోరిన్ చూసుకుంటున్నాను. కాలువ మీద మాకు పైన ఉన్న ఊరి మునిసిపాలిటీలో ఇంజనీరుగా పనిచేస్తున్న అమ్మాయి ఫోన్ చేసింది. "సార్, కన్వీనర్ గారు ఇక లేరండి. తెల్లవారుజామున ఆస్పత్రిలోనే..." అని ఆగిపోయింది. ఆ మాట విన్నాక నాకు ముందుగా వచ్చింది ఏడుపు కాదు, భయం. ఇంకొద్ది రోజుల్లో వేసవికి నీళ్ళు ఆపి కాలువలు కట్టేస్తారు. పోయి పోయి సరిగ్గా ఇప్పుడా పోవడం అనుకున్నాను. మనిషి పోయిన నిమిషంలో నీళ్ళ గురించి ఆలోచించానని ఎవరైనా తిడితే తిట్టండి. నా చోట ఆయన ఉన్నా అదే ఆలోచించేవారు.

ఆయన ఎవరో మీలో చాలామందికి తెలియదు. పేపర్లో ఫొటో పడేంత మనిషి కాదు. విజయవాడ దాటాక కాలువ వెంట ఉన్న చిన్న పట్టణాలన్నీ కలిసి ఒక మండలి పెట్టుకున్నాయి. దానికి ఆయన కన్వీనరు. ఆ మండలికి అధికారం లేదు, కారు లేదు, ఎవరినీ ఉద్యోగంలోంచి తీసేసే శక్తి లేదు. వన్ టౌన్‌లో ఒక బట్టల గోడౌన్ మీద అద్దె గది మాత్రం ఉంది. కింద ఆటోలు, తోపుడు బళ్ళు, బేళ్ళు దించేవాళ్ళ కేకలు. మెట్లెక్కుతుంటే కొత్త బట్టల గంజి వాసన. చేనేత ఇంట్లో పుట్టిన మనిషి కదా, ఆ వాసన లేకపోతే తనకు పని సాగదనేవారు. నీటి సరఫరా ఇంజనీరుగా చేసి రిటైరయ్యాక ఆ గదిలో కూర్చున్నారు. ఏ ఊరూ ఒంటరిగా కొనుక్కోలేనిదాన్ని అందరిచేతా కలిపి కొనిపించడం, ఒకరి మోటారు కాలిపోతే ఇంకొకరి మోటారును లారీ ఎక్కించి పంపడం, అన్ని ఊళ్ళకూ కలిపి ఒక నీటి పరీక్షల ల్యాబు పెట్టించడం, పైవాళ్ళూ కిందివాళ్ళూ కొట్టుకుంటుంటే మధ్యలో కూర్చుని ఇద్దరిచేతా తిట్లు తినడం, ఇదీ ఆయన ఉద్యోగం.

నేను పనిచేసే ఊరు ఆ కాలువకు శివారున, నీళ్ళు అందరికంటే ఆఖరున చేరే చోట ఉంది. బోరు వేస్తే ఉప్పునీళ్ళే. వేసవిలో కాలువలు కట్టేసేముందు ఆఖరిసారి తాగునీళ్ళు వదులుతారు. అప్పుడు మా మంచినీళ్ళ చెరువు నిండితే మళ్ళీ కాలువ వచ్చేదాకా ఊరు బతుకుతుంది. నిండకపోతే ఏం జరుగుతుందో నేను పూర్తిగా ఎప్పుడూ ఊహించుకోలేదు. ఊహ అక్కడిదాకా వెళ్ళేసరికి లేచి చెరువు మట్టం చూసుకుని వస్తాను.

కన్వీనర్ గారు ధైర్యవంతులని రాయాలని నాకూ ఉంది. స్మృతి వ్యాసం రాసేటప్పుడు అలాగే రాస్తారు. కానీ ఆయన పిరికివారు. అబద్ధం ఎందుకు రాయాలి? ఉరిమితే కిటికీ తలుపులు వేసుకునేవారు. లిఫ్ట్ ఎక్కేవారు కాదు. బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటాలంటే ఆ వైపు వెళ్ళే ఎవరో ఒకరి పక్కన చేరి, వాళ్ళు అడుగు వేస్తే అడుగు వేసేవారు. ఒకసారి నేనే పక్కనున్నాను. నా మోచెయ్యి పట్టుకుని, "ఇంజనీరు గారూ, మీరు ఎడమ చూడండి, నేను కుడి చూస్తాను. మధ్యలో మాత్రం మాట్లాడకండి" అన్నారు. అవతలికి చేరాక నవ్వాను. ఆయన నవ్వలేదు. "నవ్వుతారేంటండీ, దాటాం కదా" అన్నారు.

ఈ పిరికితనమే మండలిని నడిపిందని నాకు తెలియడానికి చాలాకాలం పట్టింది.

మండలి సమావేశం ఒక్కోసారి ఒక్కో ఊళ్ళో జరిగేది. ఆయన పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. వచ్చే ప్రతి ఊరివాళ్ళూ తమ కుళాయి నీళ్ళు ఒక క్యానులో తేవాలి. పెద్ద హోటళ్ళలో ఇచ్చే సీసాలు బల్ల మీద కనిపించకూడదు. ఎవరి నీళ్ళు వాళ్ళు తాగకూడదు. ప్రతివాళ్ళూ తమకు కిందనున్న ఊరి నీళ్ళు ఒక గ్లాసు తాగాలి. తాగాకే మాటలు మొదలు. పై ఊరు కాలువలో ఏం వదిలిందో అది కింది ఊరి గ్లాసులో కనిపిస్తుంది కదా! మొదటిసారి నేను మా శివారు ఊరి క్యాను పట్టుకెళ్ళినప్పుడు, పై ఊరి ఛైర్మన్ గారు గ్లాసును వెలుతురుకు ఎత్తి చూశారు. పెదాలకు తాకించి దించేశారు. కన్వీనర్ గారు ఆ గ్లాసు అందుకుని గడగడా తాగేసి, మూతి తుడుచుకున్నారు.

"మీకు భయం లేదాండీ?" అని ఛైర్మన్ గారు ఎగతాళిగా అడిగారు.

"చచ్చేంత భయమండీ. అక్కడ పిల్లలు రోజూ తాగుతున్నారు కదా, నా భయం వాళ్ళ అమ్మలకి రోజూ ఉండాలి మరి."

ఆ తర్వాతి సమావేశానికల్లా పై ఊరి మురుగు కాలువలో కలవకుండా అడ్డుగా ఒక గోడ లేచింది. ఎవరి ఆదేశమూ లేదు. మరుసటిసారి ఆ గ్లాసు తానే తాగాలని ఛైర్మన్ గారికి గుర్తుండి ఉంటుంది. ఈ ఒప్పందాలన్నీ కాగితం మీద పెట్టించండి సార్ అని నేను ఎన్నిసార్లో పోరాను. "కాగితాన్ని లాయరు గారు చదువుతారు. నీళ్ళని నాలుక చదువుతుంది. నాలుకని మేనేజ్ చెయ్యలేరండీ" అనేవారు. అప్పుడు బాగానే అనిపించింది. ఇప్పుడు ఆ మాట తలుచుకుంటే నాకు కోపం వస్తోంది. నాలుగు ముక్కలు రాయించి పోవాల్సింది మహానుభావుడు.

ఆయనకు ఈ భయం ఎక్కడ పట్టుకుందో ఒక్కసారే చెప్పారు. వన్ టౌన్ గదిలో టీ తాగుతున్నాం. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఊరి నీళ్ళు పాడై, జనం వాంతులతో ఆస్పత్రి వరండాలో చాపల మీద వరసగా పడుకున్నారట. పై ఊరివాళ్ళు చెప్పలేదు, కింది ఊరివాళ్ళు అడగలేదు. "ఒక ఫోను చాలండీ. మేం ఇది వదిలాం, మీ తూము తలుపు దించుకోండి అని ఒక్క ఫోను. ఆ రోజు ఎవరికీ భయమెయ్యలేదు. అదే రోగం" అన్నారు. టీ చల్లారిపోయింది. ఆయన తాగలేదు.

అందుకే ఆయన ఫోనంటే మా అందరికీ హడలు. ఒక మధ్యాహ్నం మా చెరువులోకి నీళ్ళు పెడుతున్నాం. ఫోన్ మోగింది. "తూము దించెయ్యండి. ఇప్పుడే. కారణం తర్వాత చెప్తా." దించేశాం. పైన ఎక్కడో కాలువగట్టు మీద ఒక ట్యాంకరు పక్కకు ఒరిగిందట, అందులో ఏముందో ఎవరికీ తెలియదట. మా కౌన్సిలర్లు నా మీద పడ్డారు. వచ్చే నీళ్ళు వృథాగా డ్రెయిన్లోకి పోతుంటే ఎవరికి మండదు? సాయంత్రానికి తెలిసింది, ఆ ట్యాంకరు ఖాళీది. కన్వీనర్ గారిని ఫోన్లో నేనూ నాలుగు మాటలు అన్నాను. అంతా విని ఆయన "అయితే ఏమీ రాలేదన్నమాట. అమ్మయ్య!" అన్నారు. ఆ అమ్మయ్యలో అంత సంతోషం ఉంటే ఇంకేం తిడతాం? "మీరందరూ నన్ను తిట్టుకుంటూ ఇళ్ళకెళ్ళి భోంచేస్తారు కదా, నాకదే కావాలండీ" అన్నారు.

మరో వేసవిలో అలాంటి ఫోనే వచ్చింది. నా పక్కనున్నవాళ్ళు ఈసారి వినక్కర్లేదన్నారు. నేను దించేశాను. కాసేపటికి నల్లటి నురగ వచ్చింది. దాని వెనక తెల్లగా పొట్టలు పైకి తేలిన చేపలు వచ్చాయి. అవి మా తూము తలుపుకు తగిలి, తిరిగి, డ్రెయిన్ వైపు పోవడం చూశాను. తలుపు అడుగుదాకా దిగిందో లేదో ఇంకోసారి చూసుకున్నాను. ఇప్పటికీ నీళ్ళ మీద ఎండ మెరిస్తే నాకు ముందు చేపలే అనిపిస్తుంది.

అన్నిటికంటే కష్టమైన ఒప్పందం 'శివారు ముందు' అన్నది. ఆఖరి తడవ నీళ్ళు వదిలినప్పుడు పై ఊరివాళ్ళు మోటార్లు వెయ్యకుండా ఆగాలి. శివారు నిండాక, ఆ పైది, ఆ తర్వాత ఆ పైది. కళ్ళముందు నీళ్ళు పోతుంటే చేతులు కట్టుకుని కూర్చోమనడం మాటలు కాదు. "నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. మోటార్లొచ్చాక నీరు కరెంటే ఎరుగుతోందండీ" అని నవ్వుతూనే, ఆ కొద్దిరోజులూ ఆయన తిండి మానేసి కాలువగట్టున పంపుహౌసుల దగ్గరే తిరిగేవారు. ఏ ఛైర్మన్‌నీ గద్దించేవారు కాదు. వాళ్ళ పక్కన కూర్చుని తన భయాలన్నీ చెప్పుకునేవారు. శివారులో చెరువు అడుగంటితే ఏమవుతుందో, బిందెల దగ్గర కొట్లాటలు ఎలా మొదలవుతాయో, ఏ నీళ్ళు దొరికితే ఆ నీళ్ళు తాగి ఎవరు ముందు పడిపోతారో. వినేవాళ్ళు భరించలేక "సరేనండీ బాబూ, వెయ్యం" అనేవారు.

కబురు అందిన రోజే విజయవాడ భవానీపురంలో ఆయన ఇంటికి వెళ్ళాను. కాలువ ఊళ్ళ నుంచి చాలామంది వచ్చారు. ఎన్నికల్లో ఒకరి మొహం ఒకరు చూసుకోనివాళ్ళు ఒకే టెంటు కింద కుర్చీలు పంచుకున్నారు. ఆయన భార్య గోడకు ఆనుకుని కూర్చున్నారు. నన్ను చూసి, "రండి బాబూ" అన్నారు. "నిన్న సాయంత్రం ఆస్పత్రిలో ఉండగా ఉరిమిందండీ. కిటికీ వేస్తానన్నాను. అక్కర్లేదులే, ఉండనీ అన్నారు. పెళ్ళయిందగ్గర్నుంచీ ఆ మాట అన్లేదు ఆయన. భయం పోయింది మనిషికి. అది చూసి నాకు భయమేసింది" అన్నారు. ఆవిడ చేతిలో చెయ్యి పెట్టి కూర్చున్నాను.

బయట పై ఊరి ఇంజనీరమ్మాయి నా కోసం నిలబడి ఉంది. ఉద్యోగంలో చేరి ఇంకా ఏడాది కాలేదు. "మా ఛైర్మన్ గారు ఇందాక కార్లో అంటున్నారండి, ఆయన మొహం చూసి ఇన్నాళ్ళూ ఆగాం, ఇక మన దారి మనం చూసుకుందామని" అంది. "మరి మీరేమన్నారమ్మా?" అన్నాను. "నేనేమంటానండీ, నా పై అధికారి కూడా పక్కనే ఉన్నారు" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని వేరే చెప్పాలా?

ఆఖరి తడవ నీళ్ళు వదిలారన్న కబురు తెలిసిన రోజు మా తూము దగ్గర కాపు కాశాం. ప్రతి ఏడాదీ ఆ వేళకు వచ్చే నీళ్ళు రాలేదు. కాలువ అడుగున బురద పగుళ్ళు, దాని మీద కొంగలు. మా ఊరి ఆడవాళ్ళు కొందరు ఊరికే వచ్చి చూసి వెళ్తున్నారు. "ఎప్పుడొస్తాయండీ?" అని ఒకావిడ అడిగింది. "దార్లో ఉన్నాయమ్మా" అన్నాను. ఉన్నాయో లేదో నాకు తెలియదు. పై ఊరి అమ్మాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. ఇక ఉండబట్టలేక బండి తీశాను. గట్టు వెంబడి పైకి పోయాను. అదిగో మోటార్ల చప్పుడు అని ప్రతి మలుపులోనూ అనిపించింది. ఆగి వింటే వరి కోత మిషన్లు.

సగం దారిలో నీళ్ళు ఎదురయ్యాయి. పైన లాకుల దగ్గర వదలడమే ఆలస్యమైందట. గడ్డీ గాదం ముందు తోసుకుంటూ మెల్లగా వస్తున్నాయి. అయినా నమ్మకం కుదరలేదు. పైన మోటార్లు వేస్తే ఇవి ఇక్కడే ఆగిపోతాయి. పంపుహౌసు దాకా వెళ్ళాను.

లోపల చప్పుడు లేదు. ఇంజనీరమ్మాయి ప్లాస్టిక్ కుర్చీలో, పెట్టెలా ఉన్న ప్యానెల్ బోర్డుకు ఎదురుగా, ఒళ్ళో హ్యాండ్‌బ్యాగ్ పెట్టుకుని కూర్చుంది. నన్ను చూసి ఉలిక్కిపడింది.

"మీరా సార్! ఛైర్మన్ గారనుకున్నాను."

"ఫోన్ ఎత్తరేమ్మా?"

"పొద్దున్నుంచీ ఆయన చేస్తూనే ఉన్నారండి. మోటార్లు వేయించమని. మనూళ్ళో బిందెలు ఖాళీగా ఉంటే పక్కూరికి ధర్మం చేస్తావా అంటున్నారు. ఎవరిదీ చూడకుండా కట్ చేసేస్తున్నాను."

"మీరు లేచి వెళ్తే ఎవరైనా వేసేస్తారేమో కదా" అన్నాను.

ఆమె బ్యాగు జిప్పు కొంచెం తీసి చూపించింది. టిఫిన్ డబ్బా పక్కన, చున్నీలో చుట్టి, ప్యానెల్ బోర్డులోంచి పీకిన పింగాణీ ఫ్యూజులు.

"నాకు చాలా భయంగా ఉందండి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో. మీ చెరువు ఎప్పటికి నిండుతుంది సార్?"

"రేపు సాయంత్రానికి."

"అయితే రేపు సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. వచ్చే ఏడాదికి నన్ను ఎక్కడికి తోసేస్తారో మరి. అప్పటి సంగతి నేను చెప్పలేను."

బ్యాగులో ఫోన్ మోగింది. ఆమె జిప్పు మూసేసి, బ్యాగును రెండు చేతులతో పొట్టకు అదుముకుంది. బయట గట్టు మీద ఏదో కారు వచ్చి ఆగిన చప్పుడైంది. నేను ఇంకో కుర్చీ లాక్కుని ఆమె పక్కన కూర్చున్నాను. కిటికీ అవతల నీళ్ళు మా ఊరి వైపు పోతున్నాయి. ఇద్దరం తలుపు వైపే చూస్తున్నాం.