తల్లికి చెందని బిడ్డ

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడి గది లేదు, వాదాల గది ఉండేది. ఇంగ్లండులోని షెఫీల్డ్‌లో ఒక ఎత్తు వీధిలో, బొగ్గు మసికి గోడలు నల్లబడిన ముందు గది అది. ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి చుట్టుపక్కల ఆసుపత్రుల్లో పనిచేసే తెలుగు డాక్టర్లు నలుగురైదుగురు వచ్చి, చలికి ఓవర్‌కోట్లు విప్పకుండానే పొయ్యి చుట్టూ కూర్చునేవారు. మా నాన్న తెనాలి వైపు మనిషి. ముహూర్తం, పురోహితుడు లేకుండా రిజిస్ట్రారు ముందు నిలబడి మా అమ్మను పెళ్లి చేసుకున్నాడు. మా అమ్మ జర్మనీ నుంచి వచ్చి అదే ఆసుపత్రిలో నర్సుగా చేరింది.

నాన్న పెట్టిన పద్ధతి ఒకటుండేది. ఒక విషయం అనుకుని చీట్లు వేస్తారు. ఎవరికి ఏ పక్షం వస్తే ఆ పక్షానే మాట్లాడాలి, నమ్మినా నమ్మకపోయినా. జాతకాలను చీల్చి చెండాడే మనిషికి ఒకోసారి జాతకాలను సమర్థించే చీటీ వచ్చేది. మనకు గిట్టని మాటను దాని బలమంతా ఇచ్చి మాట్లాడగలిగినప్పుడే దాన్ని పడగొట్టే హక్కు వస్తుందని నాన్న అనేవాడు. పెద్దలు చెప్పారనీ, పుస్తకంలో ఉందనీ అంటే ఆ మాట చెల్లదు. అవతలి వాళ్లు అడిగిన ప్రశ్నకు తెలియదని చెప్పొచ్చు గానీ అబద్ధం చెప్పకూడదు. ఈ చివరి నియమం మీద నాన్నకు గర్వం. మతానికీ మనకూ తేడా ఇక్కడే ఉందనేవాడు.

అమ్మ ఆ గదిలోకి కాఫీ తెచ్చేది, గుమ్మం దగ్గర కాసేపు నిలబడి వినేది, వెళ్లిపోయేది. అలా వినీ వినీ తెలుగు నేర్చుకుంది. మాట నెమ్మదిగా వచ్చేది గానీ తప్పు వచ్చేది కాదు. వచ్చినవాళ్లందరికీ ఆమె వదినగారే.

నాకు తొమ్మిదో ఏడు నడుస్తున్న చలికాలంలో జర్మనీలో మా అమ్మమ్మకు పక్షవాతం వచ్చింది. చిన్న ఊళ్లో ఒంటరి మనిషి. కుడిచెయ్యి పడిపోయింది, మాట తడబడుతోంది. నన్ను వెంటబెట్టుకుని వెళ్లి, నన్నక్కడి బడిలో వేసి, అమ్మమ్మ ఉన్నన్నాళ్లు ఉండి వద్దామని అమ్మ నిశ్చయించుకుంది. నాన్న కాదనలేదు. వెళ్లమన్నాడు. ఇక మిగిలిందల్లా నా పేరు అమ్మ పాస్‌పోర్టులో చేర్పించడమేనని ఇద్దరూ అనుకున్నారు. ఒక ఉదయం అమ్మ, నేను రైలెక్కి జర్మనీ వాళ్ల రాయబార ఆఫీసుకు వెళ్లాం.

అక్కడి ఉద్యోగి మర్యాదస్తుడు. అమ్మకు కుర్చీ వేశాడు, నాకు బిస్కెట్ ఇచ్చాడు. ఆయన చెప్పింది నాకప్పుడు అర్థం కాలేదు, తర్వాత అమ్మే చెప్పింది. పెళ్లయిన ఆడమనిషికి పుట్టిన బిడ్డ తండ్రి వైపు వస్తుంది, తండ్రి జర్మన్ కాడు కాబట్టి బిడ్డా కాదు. అక్కడ ఉండాలంటే పరాయి దేశస్తురాలిగా అనుమతి తెచ్చుకోవాలి, అది ఎన్ని నెలలకొస్తుందో చెప్పలేం. ఇదంతా చెప్పి, ఏదో ఓదార్పు మాట చెబుతున్నట్టు గొంతు తగ్గించి ఆయన ఇంకొకటి కూడా అన్నాడట. మీకు పెళ్లి కాకుండా ఈ పాప పుట్టి ఉంటే, అప్పుడు మీ బిడ్డే అయ్యేది, మేడమ్.

ఈ వాక్యాన్ని నేను జీవితమంతా తిప్పి తిప్పి చూశాను. తల్లి ఎవరో రుజువు అక్కర్లేదు. ప్రకృతి ఇంత స్పష్టంగా చూపించిన సంబంధం ఇంకొకటి లేదు. ఆ సంబంధాన్ని చట్టం గుర్తించేది ఆమె మీద మగవాడి హక్కు లేనప్పుడు మాత్రమే. హక్కుదారు వచ్చిన మరుక్షణం కన్నతల్లి వట్టి మోసిన మనిషిగా మిగులుతుంది. పైగా ఇది జర్మనీ ఒక్కదాని బుద్ధి కాదు. ఆ రోజుల్లో ఇంగ్లీషు ఆడది పరాయివాణ్ణి చేసుకుని బయటి దేశంలో కంటే ఆ బిడ్డ బ్రిటిష్ కాదు. బయటి దేశంలో భారతీయ స్త్రీ కన్న బిడ్డకు తల్లిని బట్టి భారత పౌరసత్వం రాదు. దేవుళ్ల విషయంలో, తిండి విషయంలో, చర్మపు రంగు విషయంలో ఒకరితో ఒకరు పడని మూడు దేశాలు ఈ ఒక్క మాట దగ్గర అన్నదమ్ముల్లా కలిసిపోయాయి.

ఇంటికొచ్చాక అమ్మ జరిగింది చెబితే నాన్న మండిపడ్డాడు. అనాగరికం అన్నాడు, పాలకులకు ఉత్తరం రాస్తానన్నాడు. అమ్మ వింటూ కూర్చుంది.

ఆ ఆదివారం అందరూ వచ్చాక అమ్మ కాఫీ పళ్లెం బల్ల మీద పెట్టి, వెళ్లిపోకుండా ఒక కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ వారం విషయం నేను చెబుతానంది. ఒక కుర్ర డాక్టరు నవ్వాడు.

"వదినగారూ, మీరు ఓడిపోతే మాకు కాఫీ ఆపేస్తారా ఏంటి?"

"గెలిచినా ఆపేస్తాను," అంది అమ్మ. అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. "విషయం ఇది. బిడ్డ ఎవరిది?"

చీట్లు వేశారు. చట్టం పక్షం నాన్నకే వచ్చింది.

నాన్న ఆ రోజు మాట్లాడినంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు. విత్తనం, పొలం అని మన శాస్త్రాలు చెప్పిన పోలిక తెచ్చాడు. పంట విత్తినవాడిదే గానీ నేలది కాదు కదా అన్నాడు. ఒక బిడ్డకు రెండు దేశాలుంటే యుద్ధమొచ్చిన రోజున ఎటు నిలబడుతుందని అడిగాడు. ఇంటికొక పేరు, ఒక గడప ఉండాలన్నాడు. ఒక్కొక్క మాటనూ పురాణం చెప్పే పంతులు గొంతుతో, కళ్లు మూసి తెరిచి అంటుంటే డాక్టర్లు పడీ పడీ నవ్వారు. "అన్నగారూ, మీరు మఠం పెట్టాల్సింది!" అన్నాడొకాయన. నేనూ నవ్వాను. ఆ మాటలన్నీ అబద్ధాలని ఆ గదిలో అందరికీ తెలుసు, అందుకే అంత సరదాగా ఉంది.

అమ్మ వంతు వచ్చింది. ఆమె ఏ మాటనూ ఖండించలేదు.

"నాకు ఒకటే ప్రశ్న," అంది తెలుగులోనే, ఒక్కొక్క మాట ఏరుకుంటూ. "ఆ ఆఫీసులో నాకు పిల్లను ఇవ్వలేదని నేను వచ్చి చెప్పినప్పుడు, మీకు కొంచెం సంతోషం కలిగిందా?"

నాన్న నవ్వబోయాడు. అది వాదం కాదన్నాడు.

"ప్రశ్న. జవాబు చెప్పాలి."

నాన్న పొయ్యి వైపు తిరిగి బొగ్గు ఎగదోశాడు. నేను ఆయన ముఖం వంక చూస్తున్నాను. లేదని అంటాడని ఎదురుచూస్తున్నాను. అంతకుముందు అంత కోపంతో ఊగిపోయిన మనిషి ఆయన.

"కలిగింది," అన్నాడు చివరికి. "దాన్ని తీసుకుని వెళ్తే మళ్లీ రావేమో అనుకున్నాను. ఇప్పుడు వస్తావు అనిపించింది."

అమ్మ తల ఊపింది. ఆమెకు కోపమొచ్చినట్టు లేదు. ఎక్కడ నొప్పి ఉందో అక్కడే చెయ్యి ఆనించిన నర్సులా ఉంది.

"మీరు నన్ను ఆపలేదు," అంది. "ఆపాల్సిన పని మీకు పడలేదు. అంతే."

వచ్చినవాళ్లు కప్పులు సగంలోనే వదిలి, పనులున్నాయని లేచారు. మంచు మీద వాళ్ల బూట్ల చప్పుడు వీధి చివరిదాకా వినిపించింది.

అమ్మ ఒక్కతే జర్మనీ వెళ్లింది. నన్ను కూడా పంపడానికి అమ్మా నాన్నా అనుమతి అడిగారు గానీ, అది వచ్చేలోపే అమ్మమ్మ పోయింది. ఆమెను నేను ఫొటోలో తప్ప చూడలేదు. ఆఖరి రోజుల్లో మాట సరిగ్గా రాక, ఎడమచేతిని మంచం ఎత్తున గాలిలో నిలిపి చూపించేదట. పిల్ల ఏది, ఇంత అయ్యిందా అని. వసంతకాలంలో అమ్మ తిరిగొచ్చింది. నాన్న అనుకున్నట్టే వచ్చింది.

అదే ఏడాది నాన్న ఆ చట్టం మీద ఒక వ్యాసం రాశాడు. గుంటూరు నుంచి వచ్చే ఒక చిన్న పత్రికలో అచ్చయింది. నిప్పులు చెరిగే వ్యాసం. మతాన్ని, రాజ్యాన్ని, మగవాడి అహంకారాన్ని ఒక్కొక్కదాన్నీ నిలబెట్టి కడిగేశాడు. పత్రిక రాగానే తెచ్చి అమ్మ చేతికిచ్చాడు. అమ్మ వంటగదిలో నిలబడి ఆఖరి వరకూ కూడబలుక్కుని చదివింది. మడిచి తిరిగిచ్చింది.

"బాగుంది," అంది. "ఇందులో మీరు లేరు."

వాళ్లిద్దరూ ఆ తర్వాత కూడా కలిసే బతికారు, ఒకరినొకరు బాగానే చూసుకున్నారు. కానీ ఆ గదిలో మళ్లీ చీట్లు వెయ్యలేదు. ఏళ్లు గడిచాక ముందు నాన్న, తర్వాత అమ్మ చనిపోయారు.

అమ్మ పోయిన చాలా ఏళ్లకు జర్మనీ తన తప్పు ఒప్పుకుంది. నాజీల కాలంలో జాతి పేరు చెప్పి లాక్కున్న పౌరసత్వాలను తిరిగివ్వాలని ఆ దేశం ముందే ఒప్పుకుంది. ఆడది కావడం వల్ల తల్లి బిడ్డకు ఇవ్వలేకపోయినదాన్ని మాత్రం చాలాకాలం తప్పు కాదు, పద్ధతే అనుకుంటూ వచ్చింది. ఇప్పుడు నాలాంటివాళ్లు, మా పిల్లలు కూడా, పదేళ్ల గడువులోపల మాకు కావాలని ప్రకటిస్తే చాలు, పౌరులమవుతామట. మా అమ్మాయి కాగితాలన్నీ పోగుచేసి నా ముందు పెట్టింది. "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ డిక్లరేషన్. అమ్మమ్మ ఉంటే సైన్ చెయ్యమనేది," అంది. మా అమ్మ ఏమనేదో నాకు తెలియదు. ప్రకటించాల్సింది నేనా? నేనెప్పుడూ ఆమె బిడ్డనే. తెలియనిది వాళ్లకి. వారం రోజులు ఆ కాగితాలు ముట్టుకోలేదు. చివరికి, ఎవరి ద్వారా అని అడిగిన చోట అమ్మ పేరు రాయడం కోసమే సంతకం పెట్టాను. క్షమాపణ అందుకోవాల్సిన మనిషి లేనప్పుడు అందిన క్షమాపణతో ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

పాస్‌పోర్టు వచ్చాక అమ్మమ్మ ఊరు చూడాలనిపించింది. ఆమె సమాధి కూడా ఇప్పుడు లేదు. అక్కడ సమాధులకు గడువుంటుంది, పొడిగించేవాళ్లు లేకపోతే ఆ చోటు ఇంకొకరికిస్తారు. అయినా బయలుదేరాను. మా ఇంట్లో పై గదిలో అద్దెకుండి ఎమ్మెస్సీ చదువుతున్న అనంతపురం అమ్మాయి అదే విమానంలో స్నేహితురాలి దగ్గరకు వస్తోంది. దారంతా "ఆంటీ, కిటికీ సీటు మీరు తీసుకోండి, ఆంటీ, నీళ్లు తాగండి" అంటూ నా బ్యాగు కూడా మోసింది.

దిగాక పాస్‌పోర్టు తనిఖీ దగ్గర ఇద్దరం విడిపోయాం. ఆ దేశపు పౌరుల వరసలో నాకు నిమిషం పట్టలేదు. ఆ పిల్ల వరస మూల తిరిగి వెనక్కి పోయింది. బయట నిలబడి అద్దంలోంచి చూస్తున్నాను. వీసా, తిరుగు టికెట్, యూనివర్సిటీ ఉత్తరం అన్నీ చూపించింది. అయినా పక్కకు రమ్మన్నారు. ఎవరి దగ్గరకు, ఎందుకు, ఎన్నాళ్లు అని అడుగుతున్నారు కాబోలు, చేతులు కట్టుకుని చెబుతోంది. ఆమె తప్పు చేసి అక్కడ నిలబడలేదు, నేను ఘనకార్యం చేసి ఇక్కడ నిలబడలేదు. నేను ఒక తల్లికి పుట్టాను, ఆమె ఇంకొక తల్లికి పుట్టింది. పుట్టుకను బట్టి మనిషికి గడప నిర్ణయించడం కులమని మా నాన్న ఆ ముందు గదిలో ఎన్ని ఆదివారాలు గొంతు చించుకున్నాడో. దానికి పాస్‌పోర్టు అట్ట వేస్తే పౌరసత్వం అంటున్నాం. ఆడమగ తేడా తీసేశారు, మంచిదే. గడప మాత్రం అక్కడే ఉంది.

ఇంతవరకూ రాసి ఆపేస్తే మంచి వ్యాసమే అవుతుంది. కానీ ఆ అద్దం దగ్గర నిలబడినప్పుడు నా మనసులో మొదట కలిగింది కోపం కాదు. బ్యాగు కింద పెట్టి, నేను ఇవతల ఉన్నాను కదా అని ఊపిరి వదిలాను. కొంచెం సంతోషం కలిగింది.