ముప్పై ఎనిమిది మీద ఒక పూత సున్నం

మా మావయ్య పోయాడు. అమ్మ ఫోన్ చేసి చెప్పేసరికి ఉదయం తొమ్మిది దాటింది. విజయనగరంలో మా ఇంట్లో కూర్చుని, ఒక రేసు జట్టును దాని పెద్ద స్పాన్సర్ వదిలేస్తోందన్న వార్త రాస్తున్నాను. అలాంటి వార్త చేతికి రాగానే నేను మొదట ఫోన్ చేసేది మావయ్యకే. ఆ రోజూ చేద్దామనుకుని, ఈ పేరా అయ్యాక చేద్దాంలే అని ఆగాను. ఆ పేరా ఇప్పటికీ సగంలోనే ఉంది.

చక్రాలు బయటికి కనిపించే ఆ సన్నటి రేసు కార్ల గురించి ఈ పేజీలో ఏళ్లుగా రాస్తున్నాను. ఏ జట్టు ఎటు పోతోంది, ఏ డ్రైవర్ సీటు కదులుతోంది, ఏ కంపెనీ పేరు ఏ కారు మీదికి ఎక్కింది, ఇవే నా రాతలు. “మీకు ఇంత ముందుగా ఎలా తెలుస్తుందండీ?” అని మీలో చాలామంది అడిగారు. గజపతినగరంలో బోర్డులు రాసే ఒక పెయింటర్ చెబుతాడని నేను ఏనాడూ బయటపెట్టలేదు. నా తెలివే అనుకోనిచ్చాను. ఆ సిగ్గు ఇప్పుడు పట్టుకుంది.

ఆయన మా అమ్మకి తమ్ముడు. రాయగడ వెళ్లే రోడ్డు పక్కన చిన్న కొట్టు, వెనకాలే ఇల్లు. లారీల వెనక పేర్లు, ఆటోల మీద దేవుళ్లు, గోడల మీద సిమెంటు, ఎరువులు, ఆసుపత్రులు, ఆ చుట్టుపక్కల పెద్ద అక్షరం ఎక్కడ కనిపించినా చాలావరకు ఆయన చేతిదే. నేను డిగ్రీ చదివే రోజుల్లో ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి, నేను చూస్తున్న రేసు ముందు అలాగే నిలబడిపోయాడు.

“ఏటే ఇది? కారా, గోడా?”

కారు నిండా ఉన్న కంపెనీ పేర్లు చూసి అడిగిన మాట అది. నేను పడీ పడీ నవ్వాను. ఆయన నవ్వలేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, ఏ పేరు ఏ పక్కన రాశారో, ఏది కెమెరాకి బాగా పడుతోందో చూస్తూ చివరిదాకా లేవలేదు. ఎవరు గెలిచారన్నది మాత్రం నన్నే అడిగాడు.

అప్పటినుంచి రేసు ఉన్న ఆదివారం నేను స్కూటీ వేసుకుని గజపతినగరం వెళ్లడం అలవాటైంది. అత్త పకోడీలు వేసి తెచ్చి, “ఎల్లినకాడికే మల్లీ వస్తన్నారు, ఈల్లకి పనేటీ నేదా?” అని విసుక్కుంటూ మా పక్కనే కూర్చునేది. మావయ్య పాత క్యాలెండర్ కాగితాల వెనక, సీజన్ మొదట్లో ఒక్కో జట్టు కారునీ పక్కనుంచి చూసినట్టు బొమ్మ వేసుకునేవాడు. ఏ పేరు ఎక్కడుందో, ఎంతుందో అన్నీ అందులో ఉండేవి. తర్వాత రేసుల్లో అనుమానం వస్తే టీవీ ఆపమని, బోర్డు మీద గీతలు కొట్టే సుద్ద దారం తెచ్చి తెరకి ఆనించి, అక్షరాన్ని చక్రంతో పోల్చి కొలిచేవాడు. తెర మీద సుద్ద మరకలు చూసి అత్త కేకలు పెట్టేది.

ఒకసారి అలా కొలిచి నావైపు తిరిగాడు. “సూడు గుంటా, మొదట్లో ఈ పేరు చక్రమంత ఉండేది. ఇప్పుడు అందులో సగం నేదు. ఈ కంపెనీవోడు ఎలిపోతాడు, రాసుకో.” నేను రాసుకోవడమే కాదు, అచ్చంగా నా అభిప్రాయంలా వ్యాసమే రాశాను. ఆ సీజన్ అయ్యేలోగా ఆ కంపెనీ తప్పుకుంది. ఇంకోసారి రెండు పక్కలా ఏ పేరూ లేని కారును చూసి, “పాపం, ఈ బండి ఆకలి మీదున్నాది” అన్నాడు. దాన్నే శీర్షికగా పెట్టి మెప్పు కొట్టేశాను. చూపిస్తే మురిసిపోయి, కొట్టుకి వచ్చినవాళ్లకల్లా నా పేరు చదివి వినిపించాడు తప్ప, ఆ మాట తనదని ఒక్కరికీ చెప్పలేదు.

పని దగ్గర మాత్రం కోపిష్ఠి. గోడ మీద పాత ప్రకటన తీసి కొత్తది రాసేముందు రెండు పూతల సున్నం వేయాల్సిందే. ఒక పూతతో సరిపెట్టే పెయింటర్లంటే ఒళ్లు మంట. “ఎండలో బాగానే ఉంటాది. వానొచ్చి గోడ తడిసిందా, కిందున్న పాతోడు మల్లీ నెగిసి కనబడతాడు” అనేవాడు.

ఆయనకి ఇష్టమైన డ్రైవర్ గెలిచేవాళ్లలో ఒకడు కాదు. ముప్పై ఎనిమిదో నంబరు. వయసు మీరినవాడు, ఆ ఆకలి మీదున్న జట్టువాడే. కొట్టు పక్కగోడ మీద మావయ్య ఏటా సున్నం కొట్టి, నీలం రంగుతో నిలువెత్తు 38 రాసేవాడు. ఒకరోజు సంచులతో ఒకావిడ వచ్చి ఆ గోడ దగ్గరే చాలాసేపు నిలబడి, “బాబూ, ముప్పయ్యెనిమిది బస్సు ఇక్కడాగుతాదా?” అని అడిగింది. “ఆగదమ్మా, అది తిరుగుతానే ఉంటాది” అన్నాడు మావయ్య. ఆవిడ తిట్టుకుంటూ వెళ్లిపోయింది.

కిందటి సీజన్‌లో ఆ డ్రైవర్ గురించి నేను ఒక వ్యాసం రాశాను. ‘ఇక దిగితే మేలు’ అన్నాను. పాయింట్లు లేవు, వేగం తగ్గింది, కుర్రవాళ్లు వరసలో ఉన్నారు, ఈయన కూర్చున్న సీటు వృథా అని రాశాను. నాకు నచ్చిన వ్యాసం అది. వాక్యాలు చకచకా పడ్డాయి. మర్నాడు మావయ్య ఫోన్ చేశాడు.

“సదివినానే. తప్పేటీ రాయనేదు నువ్వు. గానీ మొన్నటి ఆదివారం అందరి ఎనకాల నిలబెట్టిన బండిని పదకొండోదాకా తెచ్చినాడు గదా. అది రాయనేదేటి?”

“పదిమందికే కదా మావయ్యా పాయింట్లు. పదకొండు వచ్చినా ఒకటే, ఇరవై వచ్చినా ఒకటే.”

“అలగనీకే. ఆ ముక్క కూడా ఒకటి రాయి. నాకోసం రాయి” అన్నాడు. రాస్తానన్నాను. సీజన్ చివర్లో రాద్దాంలే అనుకున్నాను. ఆ తర్వాత రెండుసార్లు గుర్తుచేశాడు. రెండోసారి విసుక్కున్నాను కూడా. నా గొంతులో ఆ విసుగు తలుచుకుంటే ఇప్పుడు ప్రాణం ఉసూరుమంటుంది.

సీజన్ అయ్యేదాకా కూడా ఆగకుండా ఆ జట్టు ఆ డ్రైవర్‌ని దింపేసి ఒక కుర్రవాణ్ణి కూర్చోబెట్టింది. ఆ వార్త నేనే రాశాను, నాలుగు లైన్లలో. తర్వాతి ఆదివారం నేను వెళ్లేసరికి పక్కగోడ తెల్లగా ఉంది. రేసు చూశాం గానీ సుద్ద దారం బయటికి తీయలేదు. దాని తర్వాత మేమిద్దరం కలిసి చూసిన రేసు లేదు. నాకు తీరిక కుదరలేదు. ఆయనకి గుండెనొప్పి వచ్చింది.

కార్యం అయిన మర్నాడు, సామాన్లు సర్దుతూ అత్త ఒక మాట చెప్పింది. నా వ్యాసం వచ్చిన రోజే, ఊళ్లో బడివాళ్లు ఏటా ఆయన చేత రాయించే బోర్డు తీసేసి ఫ్లెక్సీ కట్టారట. చెయ్యి వణుకుతోందని, అక్షరాలు వంకర పోతున్నాయని అన్నారట.

“బడికెల్లి ఎందుకని అడిగొచ్చి, నీది సదువుకున్నాడే. రెండుమాట్లు సదివినాడు. నీకు సెప్పొద్దన్నాడు.”

నేను గోడకి ఆనుకుని ఏడ్చాను. దిగిపొమ్మని రాసినప్పుడు నా కళ్ల ముందు డ్రైవరే ఉన్నాడు. చదివినవాడెవరో నాకు తట్టలేదు. ఆయన అడిగింది ఒక్క ముక్క. అది రాయడానికి నాకు పది నిమిషాలు పట్టేది కాదు.

ఆ మధ్యాహ్నమే వాన వచ్చింది. ఆరేసిన బట్టలు తీయడానికి అత్తా నేనూ కొట్టు పక్కకి పరుగెత్తాం. గోడ పూర్తిగా తడిసి ఉంది. సున్నం కిందనుంచి నీలం రంగులో ముప్పై ఎనిమిది పైకి తేలి కనిపిస్తోంది, అంచులతో సహా.

“ఒక్క పూతేసి బ్రష్ కడిగీసినాడు. రెండోది ఎయ్యవా అనడిగితే, సాల్లే, ఉండనీవే అన్నాడు” అంది అత్త.

మావయ్యా, నువ్వడిగిన ముక్క ఇది: ముప్పై ఎనిమిదో నంబరు డ్రైవర్ ఆ ఆదివారం అందరికంటే వెనక మొదలుపెట్టి, ఆ ఆకలి మీదున్న బండిని పదకొండో స్థానం దాకా తెచ్చాడు. చాలా బాగా నడిపాడు. నేను అప్పుడే రాయాల్సింది.

కాసేపటికి వాన వెలిసింది. గోడ పైనుంచి ఆరుతూ వచ్చింది. ముందు మూడు తెల్లబడిపోయింది. ఎనిమిదిలోని కింది సున్నా ఇంకాసేపు నిలిచింది. అదీ ఆరిపోయేదాకా, చేతుల్లో తడిబట్టలతో అత్తా నేనూ అక్కడే నిలబడ్డాం.