దుమ్ము దగ్గే అనుకున్నాను

ఆ రోజు చట్నీలో ఉప్పు ఎక్కువైందని ముగ్గురు టిప్పర్ డ్రైవర్లు ప్లేట్లు పక్కన పెట్టేశారు. నేను వేలితో తీసి నాలుక మీద వేసుకున్నాను. నాకేమీ తెలియలేదు.

"బాగానే ఉండాది కదప్పా" అన్నాను.

"అక్కా, మన జిల్లాలో సముద్రం లేదనుకుంటిమే" అన్నాడు వాళ్లలో ఒకడు.

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు దగ్గయింది. దగ్గు ఎంతసేపటికీ ఆగలేదు.

మాది చిలమత్తూరు దగ్గర ఒక ఊరు. రోడ్డు పక్కన నా టిఫిన్ హోటలు. మూడు బెంచీలకు హోటలనే పేరు ఎక్కువే, కానీ బోర్డు రాసిన పెయింటరు తగ్గించి రాయలేదు. ఎదురుగా గుట్ట, ఇప్పుడు సగం గుట్ట. తక్కిన సగాన్ని రాళ్లు కొట్టే క్రషర్ నమిలి, కంకరను టిప్పర్లకూ దుమ్మును మాకూ పంచింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మా ఊళ్లో నోరు మూసుకుంటేనే మంచిది. తెరిస్తే పళ్ల కింద కరకరమంటుంది.

అందుకని దగ్గు మాకు జబ్బు కాదు. దాని పేరు దుమ్ము దగ్గు. దాని మందు బెల్లం. గొంతులోని దుమ్మును ఈడ్చుకుపోతుందని క్రషర్ మేస్త్రీ సాయంత్రం కూలీలకు తలా ఒక గడ్డ ఇస్తాడు. వాళ్లను చూసి రోడ్డు వరసలో ఉండే మేమంతా అలవాటు చేసుకున్నాం.

అది కరోనా రెండోసారి వచ్చిన ఎండాకాలం. పక్కన పంక్చర్ షాపు నాగప్పన్న కూడా ఆ వారమే దగ్గడం మొదలుపెట్టాడు.

"ఏమ్మా ఖాసింబీ, ఇది ఆ రోగం కాదు కదా?" అని అడిగాడు.

"యాడిదన్నా. దుమ్ము దగ్గే. ఇదో, తిను" అని చేతిలో బెల్లం గడ్డ పెట్టాను. ఫీజు లేని డాక్టర్ని నేను.

నాలుగో రోజు పొయ్యి దగ్గర్నుంచి బెంచీ దాకా నడవలేకపోయాను. మా ఆయన వలి నన్ను ఆటోలో వేసుకుని హిందూపురం ఆసుపత్రికి తీసుకుపోయాడు. వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ ఎనభై నాలుగు చూపించింది. బళ్లో నాకెన్నడూ అన్ని మార్కులు రాలేదు. డాక్టర్ ముఖం చూశాక ఫెయిలయ్యానని అర్థమైంది.

తిత్తి తీస్తానని మా అత్త నన్ను బెదిరించని రోజు లేదు. ఆ పని సీటీ స్కాన్ చేసింది. డాక్టర్ కోస్తా వైపు నుంచి వచ్చిన కుర్రాడు. ఫిల్మును వెలుతురుకు పట్టుకుని చూశాడు.

"కోవిడ్ న్యుమోనియా సరే. కానీ ఈ గీతలు పాతవి, ఫైబ్రోసిస్, అంటే ఊపిరితిత్తులు గట్టిపడ్డ మచ్చలు. ఇదివరకు టీబీ వచ్చిందా?"

"లేదు సార్."

"ఇంట్లో ఎవరైనా బీడీలు తాగుతారా? కట్టెల పొయ్యా?"

"బీడీల్లేవు, గ్యాసు సార్."

"ఏం పని చేస్తారు?"

"హోటలు."

ఆయన ఇంకాసేపు ఆ గీతలనే చూశాడు. నేను దాచిపెట్టలేదు. క్రషర్ సంగతి నాకు తట్టనే లేదు. మా ఊళ్లో ఎండ కాస్తుందని డాక్టర్‌కు చెప్తామా? ఇదీ అంతే.

ఆక్సిజన్ పెట్టారు. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. బోర్లా పడుకోమన్నారు, దాన్ని ప్రోనింగ్ అంటారట. పొద్దున నాలుగింటికి లేచి చీకటిపడేదాకా నిలబడే మనిషిని నేను. కాళ్లు ఊరుకోవు. చేతులు గరిటె కోసం వెతుకుతాయి. పక్క మంచం ఖాళీ అయినప్పుడల్లా లేచి చూసేదాన్ని, ఇంటికి పంపారా, ఇంకెక్కడికైనా పంపారా అని. సోమందేపల్లె నర్సమ్మ ఒకామె గదమాయించేది.

"దోసె మాదిరి నీయంతట నువ్వే తిరగల్లక్కా. మేము తిప్పితే మాడిపోతావు."

మూడో రోజు నుంచి ఇంకో గొడవ. అంతకుముందు నాకు షుగర్ లేదు. ఇప్పుడు రెండు వందల ఎనభై, మరుసటి రోజు మూడు వందల అరవై, ఆ మరుసటి రోజు నాలుగు వందల ముప్పై. ఇన్సులిన్ పెంచినకొద్దీ షుగరూ పెరుగుతోంది. ఆక్సిజన్ ఎనిమిది లీటర్ల నుంచి పన్నెండుకు పెంచారు.

"స్టెరాయిడ్ వల్ల కొంత పెరుగుతుంది. ఇంతెందుకు పెరుగుతోందో నాకర్థం కావడం లేదు" అన్నాడు డాక్టర్. "తగ్గకపోతే ఫంగస్ పట్టే ప్రమాదం ఉంది. స్టెరాయిడ్ ఆపుదామంటే లంగ్స్ తట్టుకోవు."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. నేను మధ్యలో బోర్లా.

మర్నాడు దిండు గలీబు మారుస్తుంటే నర్సమ్మ చేతికి కాగితం పొట్లం తగిలింది.

"ఇదేందక్కా?"

"బెల్లం."

"ఆపక్క మేము ఇన్సులిన్ పొడుస్తాంటే ఈపక్క నువ్వు బెల్లం తింటాండావా?"

డాక్టర్ వచ్చాడు. నేను బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను. ఆ సామెతకు కావలసిన సరుకంతా నా దగ్గరే ఉంది. బెల్లం దిండు కింద, రాయి ఊపిరితిత్తుల్లో.

"ఎందుకు తింటున్నారమ్మా?"

"దుమ్ముకు సార్."

"ఏ దుమ్ము?"

"క్రషర్ దుమ్ము. మా హోటలు ఎదురుగానే ఉండాది."

"ఎన్నేళ్లుగా?"

"పద్నాలుగేండ్లు."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "మొదటి రోజే ఎందుకు చెప్పలేదు?"

"మీరు అడగల్యా కదా సార్."

"నాదీ తప్పే" అన్నాడు. "వైరస్ కొత్తగా వచ్చింది. వచ్చేసరికి దుమ్ము సగం పని చేసి పెట్టింది. ఇలాంటి ఊపిరితిత్తులకు ఆయాసం తొందరగా ముదురుతుంది. మీ రోడ్డులో ఇంకెవరైనా దగ్గుతుంటే ఆక్సిజన్ చూపించుకోమనండి. ఇప్పుడే ఫోన్ చేయండి."

మా ఆయనకు చేశాను. "నాగప్పన్నను ఆసుపత్రికి పిలుచుకోని రా" అన్నాను. అవతల చెప్పుల చప్పుడు, ఫోన్ పట్టుకుని వీధిలోకి నడుస్తున్నట్టుంది.

"వలీ?"

"మొన్న పోయినాడే. దుమ్ము దగ్గని ఇంట్లోనే ఉండిపోయినాడు. నీకు చెప్పొద్దనుకుంటిమి."

ఆ రోజు నుంచి నర్సమ్మ చెప్పకముందే బోర్లా తిరిగాను. బెల్లం ఆపాక మూడు రోజులకు షుగర్ దిగింది. ఆక్సిజన్ పది లీటర్లకు, ఆరుకు, రెండుకు వచ్చింది. పందొమ్మిదో రోజు ఇంటికి పంపారు.

ఊరికి రెండో వైపు, క్రషర్‌కు దూరంగా ఉన్న వీధుల్లోనూ జ్వరాలు వచ్చాయి. వాళ్లు చాలావరకు ఇళ్లలోనే లేచి తిరిగారు. మా వరసలో మాత్రం వరసగా పోయారు. తర్వాత చెకప్‌కు వెళ్లినప్పుడు ఇదంతా దుమ్ము వల్లేనా అని డాక్టర్‌ని అడిగాను.

"దుమ్ము ఒక్కటే కారణమని చెప్పలేను. వయసుంది, ఆలస్యంగా రావడం ఉంది" అన్నాడు. "దుమ్ముకు సంబంధం లేదని మాత్రం అస్సలు చెప్పలేను."

ఇప్పుడు పొద్దున, సాయంత్రం ఇన్‌హేలర్ పీలుస్తాను. బిందె ఎత్తితే ఆయాసం. దుమ్ము లేవకుండా నీళ్లు కొట్టమని అందరం సంతకాలు పెట్టి అర్జీ ఇచ్చాం. మాకు కుళాయి వారానికోసారి వస్తుంది. రోడ్డుకు మాత్రం ఆఫీసర్లు వచ్చే రోజు క్రషర్ వాళ్లు ట్యాంకర్‌తో నీళ్లు తాపుతారు. హోటలు వేరేచోటికి మార్చాలంటే చోటు లేదు. పని లేకపోతే కూర్చోలేను. కూర్చుంటే నాగప్పన్నకు చెప్పిన మాట గుర్తుకొస్తుంది. ఇది రాస్తూ కూడా నాలుగుసార్లు లేచాను. గల్లాపెట్టె పక్కన వేలి క్లిప్పు పెట్టుకున్నాను, దగ్గే మనిషిని వదలను.

"బోండా అడిగితే వేలు అడుగుతాండావేమక్కా" అంటారు డ్రైవర్లు.

చదివేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. డాక్టర్ మీ పనేమిటని అడిగితే పని చెప్పి ఊరుకోకండి. మీ ఇంటికి గాలి ఎటునుంచి వస్తుందో, అందులో ఏముంటుందో, దానికి మీరేం తింటున్నారో కూడా చెప్పండి. ఆయన అడగకపోయినా చెప్పండి.

పోయిన నెల నాగప్పన్న భార్య గంగమ్మక్కను దగ్గుకు చూపించడానికి తీసుకుపోయాను. అక్కడ కొత్త డాక్టరమ్మ ఉంది.

"ఏం పని చేస్తారమ్మా?"

"పంక్చర్ షాపు మేడమ్. ఆయప్ప పోయినాక నేనే చూసుకుంటాండా" అని ఆగిపోయింది గంగమ్మక్క. నేను మోచేత్తో పొడిచాను. ఆమె నా వైపు చూసి, కొంగు సర్దుకుని, గొంతు పెంచింది.

"ఎదురుగా క్రషర్ ఉండాది మేడమ్. అది కూడా రాసుకోండి."

డాక్టరమ్మ రాసుకుంది.