మగ్గాలు ఆపితే రాని జోలపాట

మా చిన్నప్పుడు... వరంగల్‌లో మా వీధిలో మగ్గం చప్పుడు ఆగిందంటే ఆ ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. అంత మోతలో పెరిగాం.

నేను ఏడో తరగతిలో ఉండగా, బొంబాయి దగ్గర భివండిలో ఉన్న మా మేనత్తకు తొలి కాన్పు. డాక్టరు ప్రయాణం వద్దన్నాడు. పుట్టింటికి రాలేకపోయింది. "అమ్మ జోలపాటన్న పంపుండ్రి" అని ఉత్తరం రాసింది.

కాజీపేట రైల్వేలో పనిచేసే పక్కింటి మామ టేప్ రికార్డర్, ఒక క్యాసెట్ ఇచ్చాడు. సాయంత్రం బండికి ఆయన అటే పోతున్నాడు. అప్పటిలోగా మా నాయనమ్మ పాట అందులోకి ఎక్కాలి...

ఎప్పటిలాగే రాట్నం ముందు కూర్చుని పాడింది. వెనక్కి తిప్పి వింటే అంతా మగ్గం మోతే. నేను ఇల్లిల్లూ తిరిగి "జరసేపు ఆపుండ్రి" అని బతిమాలాను. వీధంతా ఆగింది.

నాయనమ్మ నోరు తెరిచింది... మొదటి చరణం దాటలేదు. మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. కళ్లల్లో నీళ్లు.

"అయ్యో, పాట మర్సిపోయిన బిడ్డా..."

నేను ఆమె చేతినే చూస్తున్నాను. వేలితో మోకాలిమీద కొడుతూ దేన్నో వెతుకుతోంది. ఈ పాట ఏనాడూ మగ్గం లేకుండా పాడలేదు కదా!

"బాపూ, నువ్వు నేయి!" అన్నాను.

"ఇప్పుడే ఆపుమంటివి, ఇప్పుడే నేయమంటివి. నువ్వేమన్న నా మేస్త్రివా?" అంటూనే బాపు మగ్గం గుంటలోకి దిగాడు.

నాయనమ్మను వంటింట్లో కూర్చోబెట్టాను. తలుపుకు గొంగడి వేలాడదీశాను. నేల అదురుతోందని టేప్ కింద బొంత మడతపెట్టాను. టేప్‌ను ఆమె నోటికి మొదట మూరెడు దూరంలో పెట్టాను, తర్వాత జానెడు... ప్రతిసారీ విని నోటుబుక్కులో రాసుకున్నాను. మూడోసారికి గొంతు ముందుకొచ్చింది, మగ్గం వెనక్కి పోయింది. పాట చివరిదాకా సాగింది.

విన్న నాయనమ్మ మూతి ముడిచింది. "గిది నా గొంతా? ఎవరో ముసల్దాని గొంతు లెక్కున్నది!"

బండి కదలకముందే క్యాసెట్ మామ చేతికి అందింది.

నెల తర్వాత మేనత్త ఉత్తరం. "అమ్మ గొంతు కన్న ముందు అన్న మగ్గం ఇనవడ్డది. ఏడ్సిన. పిలగాడు గా మోతకే పండుకుంటాండు."

మొన్న ఆ పిలగాడే వచ్చాడు. జుట్టు నెరిసింది. ఆ పాటను ఫోన్‌లోకి ఎక్కించాడట. "వదినా, మోతంత తీసేసిన. గొంతొక్కటే ఉంచిన" అని వినిపించాడు. గొంతు అద్దంలా ఉంది... కానీ అది మా ఇల్లు కాదు.

"మోత మళ్లా పెట్టు" అన్నాను. పెట్టాడు. ఇద్దరం చివరిదాకా విన్నాం.

ఇప్పుడు మా వీధిలో ఒక్క మగ్గమూ మోగదు... ఎవరికీ ఒంట్లో బాగాలేక కాదు.

మీ ఇంట్లో ఆగిపోయిన చప్పుడేది? చెప్పండి, వింటాను...